విద్యాసౌధ నిర్మాత కట్టమంచి రామలింగారెడ్డిగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున ప్రచురింపబడు సంచికకై ఒక మహాపురుషుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. లెక్కల పుస్తకములతో కాలము గడపువాడను. దీపము ముందు కూర్చుండి, పెద్దల వ్యాఖ్యానముల సాయమున భారత భాగవతములను, కొన్ని ప్రబంధములను నాకు నేనై చదువుకొన్నవాడను. ఏ విశ్వవిద్యాలయపు మెట్టును ఎక్కి యెరుగను. అట్టివాడు విశ్వవిద్యాలయములను నిర్మించిన వ్యక్తిని గూర్చి వ్రాయబూనుట సాహసమే. అయినను పాఠకులు సహృదయులు గనుక సాహసించుచున్నాను.

ఏటేట ఎండాకాలమున పరీక్షా ఫలితములు వెలువడగనే మన యూరి తల్లిదండ్రులు పిల్లల మార్కుల పత్రములను చేతబట్టుకొని నా యొద్దకు వత్తురు. లెక్కలు తెలిసినవాడను గదా, ఇవియు తెలియునని వారి నమ్మకము. ఏ కళాశాల మంచిది, దాని శ్రేణి యేమి, ఈ పట్టము పెద్దదా ఆ పట్టము పెద్దదా యని యడుగుదురు. ఆ ప్రశ్నలకు బదులు వెదకుచు పోగా నాకు తారసిల్లినది కట్టమంచివారి జీవితము. విశ్వవిద్యాలయమనగా నేమి, దాని మెట్లెట్టివి, ఆ మెట్లు దేనిని కొలుచును, దేనిని కొలువజాలవు అను విషయములు వారి చరిత్రమును చదివిన వారికి తేటపడును.

రామలింగారెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. ఆ యూరి పేరే వారి యింటిపేరు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు. చిత్తూరున పాఠశాల చదువు ముగించుకొని, రెడ్డిగారు మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి.

ఆనాటి విద్యావిధానమును గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. మన దేశమున ఆధునిక విశ్వవిద్యాలయములు 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు ఏకకాలమున వెలసినవి. మూడింటికిని ఒరవడి ఆనాటి లండను విశ్వవిద్యాలయము. అనగా విశ్వవిద్యాలయము పాఠము చెప్పదు. పాఠము చెప్పు కళాశాలలను తనతో అనుబంధించుకొని, ప్రశ్నపత్రములు కూర్చి, పరీక్షించి, పట్టములొసగును. విత్తుటయు నీరు పెట్టుటయు ఒకరి పని, కళ్ళమున ధాన్యము కొలుచుట వేరొకరి పని. కొలుచువాడు ఎన్నడును పొలము గట్టు త్రొక్కనక్కరలేదు. ప్రవేశపరీక్ష మొదటి మెట్టు. రెండేండ్ల పిదప ఎఫ్.ఏ. రెండవ మెట్టు, మరి రెండేండ్లకు బి.ఏ.; ఆ పైది ఎం.ఏ. ఏ మెట్టున జారినను మరల ఆ మెట్టు క్రిందనే నిలువవలెను. జారినవారు లెక్కకు మిక్కిలిగా నుండిరి. ఎఫ్.ఏ. తప్పినామని చెప్పుకొనుటయు ఆనాడు ఒక యోగ్యతగా చెల్లినదనిన, ఆ మెట్లెంత నిట్టనిలువుగా నుండెనో గ్రహింపవచ్చును.

ఇట్టి విధానమున కంఠస్థము చేసినవాడు గట్టెక్కును, ఆలోచించువాడు తడబడవచ్చును. రెడ్డిగారు మాత్రము రెండింటను సమర్థులు. విద్యార్థిగా నున్ననాడే, కళాశాలలోని తెలుగు సమాజమువారు పెట్టిన పోటీకై ముసలమ్మ మరణమను కావ్యమును రచించి బహుమానము నొందిరి. అప్పటికి వారికి ఇరువదియేండ్లు నిండలేదు. అనంతపురము దాపున బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగనున్నప్పుడు ఊరిని కాపాడుటకై బసిరెడ్డి కోడలు ముసలమ్మ తనంత తాను ప్రాణములర్పించిన స్థానిక కథ దానికి వస్తువు. దేవతలను రాజులను విడిచి, ఒక పల్లెటూరి కాపుటింటి కోడలిని కావ్యనాయికగా నిలుపుట ఆనాటికి క్రొత్త. చెరువు తెగిన నేమగునో యెరిగిన మనవంటివారికి ఆ కథ బోధపడుటకు వ్యాఖ్యానము పనిలేదు.

1902లో ప్రభుత్వ విద్యార్థి వేతనమును సంపాదించి వారు ఇంగ్లండునకేగి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున సెయింట్ జాన్స్ కళాశాలలో చేరిరి. అచ్చటి యేర్పాటు మదరాసు యేర్పాటునకు కేవలము భిన్నము. విద్యార్థులును గురువులును ఒకే ప్రాంగణమున నివసింతురు. ఒకే భోజనశాలలో భుజింతురు. పాఠము విని వ్రాసికొనుటతో పని తీరదు. విద్యార్థి తాను వ్రాసిన వ్యాసమును గురువు నెదుట నుంచి, ఆయన వేయు ప్రశ్నలకు నిలిచి సమాధానము చెప్పవలెను. పరీక్ష యుండును గాని అది యేండ్ల తరబడి సాగిన సంభాషణమునకు ముగింపు వంటిది. రెడ్డిగారు అచ్చట చరిత్రాది శాస్త్రములను చదువుటయే గాక, వక్తృత్వమునకు పేరువడిన కేంబ్రిడ్జి యూనియన్ సంఘమునకు 1906లో ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. ఆ పదవి నందిన తొలి భారతీయులు వారే. పాలించు జాతివారి పిల్లలు పాలింపబడు జాతి యువకుని తమ సభకు పెద్దగా ఎన్నుకొనుట సామాన్య విషయము గాదు. గురుశిష్యుల సహవాసమే విశ్వవిద్యాలయమునకు ప్రాణమను భావము వారి మనస్సున ఇచ్చటనే నాటుకొనియుండునని తోచును. తరువాత వారు చేసిన పనులన్నియు ఆ విత్తు మొలకలే.

స్వదేశమునకు మరలివచ్చి, బరోడా కళాశాలలో శ్రీ అరవిందఘోషుగారు వీడిపోయిన స్థానమున కొంతకాలము పనిచేసిరి. అటుపిమ్మట మైసూరు సంస్థానము వారిని పిలిచినది. మహారాజా కళాశాలలో చరిత్రోపన్యాసకులై, పిదప అధ్యక్షులై, తుదకు సంస్థాన విద్యాశాఖకు అధిపతులైరి. మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరుగారు, దివాను విశ్వేశ్వరయ్యగారు 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును స్థాపించినప్పుడు, దాని రూపకల్పనలో రెడ్డిగారి చేయి ఉన్నది. స్వదేశ సంస్థానములందు వెలసిన మొదటి విశ్వవిద్యాలయమది. విద్యాధిపతిగా వారు తలపెట్టిన కార్యములలో కొనియాడదగినది వేరొకటి కలదు. అస్పృశ్యులని దూరముగా నుంచబడిన బాలురకు సర్కారు పాఠశాలల వాకిళ్లు తెరువవలెనని వారు పట్టుపట్టిరి. దానికి అగ్రవర్ణముల వారి నుండి ప్రతిఘటన కలిగినను వారు జంకలేదు. మేడ పైయంతస్తును కట్టువాడు పునాదిని మరువరాదని యెరిగిన నిర్మాత వారు.

1921లో ఆ యుద్యోగమును వదలి మదరాసు రాజకీయములందు ప్రవేశించిరి. శాసనమండలిలో వారి వాగ్ధాటికి ప్రతిపక్షులు సైతము తలయూచిరి. 1923 నవంబరులో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించినది వారే. తీర్మానము వీగిపోయినది గాని, ప్రజాప్రతినిధులు మంత్రులను నిలదీయవచ్చునను సంప్రదాయము నెలకొన్నది. రాజకీయములు వారి బుద్ధికి సానబెట్టినవే గాని, వారి హృదయమునకు తృప్తినిచ్చినట్లు కానరాదు. ఆ తృప్తి 1926లో దొరకినది.

తెలుగువారికి ప్రత్యేక విశ్వవిద్యాలయము కావలెనని చిరకాలముగా సాగిన ఆందోళనము ఫలించి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాసనము వెలువడినది. బెజవాడ కేంద్రముగా ఏప్రిలు 26వ తేదీన విశ్వవిద్యాలయమునకు ప్రారంభోత్సవము జరిగినది. రామలింగారెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులైరి. ఉపాధ్యక్షుడనగా నేడు మనము వైస్ ఛాన్సలరని పిలుచు పెద్ద. పేరున ఉప యని యున్నను పని యంతయు ఆయనదే. పైనుండు ఛాన్సలరు పదవి గవర్నరునకు చెందును. సెనేటు అనునది ఊరందరి సభ వంటిది. సిండికేటు పంచాయతి వంటిది, డబ్బు లెక్కలును నియామకములును చూచును. విద్యాపరిషత్తు పండితసభ వంటిది, పాఠ్యములను పరీక్షలను నిర్ణయించును. ఈ మూడును ఒకదానినొకటి అదుపున నుంచుకొనుటయే ఆ కట్టడములోని కీలు.

కట్టడము సిద్ధమైనది గాని లోపల నివసించువారేరీ? పుట్టిననాడు ఆంధ్ర విశ్వవిద్యాలయము సైతము మదరాసు పద్ధతిని కొలుచు సంస్థయే. రాజమహేంద్రవరము, విజయనగరము, కాకినాడ, మచిలీపట్టణము, గుంటూరు మొదలగు పట్టణములందలి కళాశాలలు దాని నీడకు వచ్చినవి. పాఠము చెప్పుటకు దానికి సొంత గదియైన లేదు. ముఖ్యస్థానమెచ్చట నుండవలెనని పట్టణములు కలహించినవి. రాయలసీమ జిల్లాలు తుదకు మదరాసు విశ్వవిద్యాలయమునకే చెందినవి. ఆ లోటు 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలయుదాక తీరలేదు. చిత్తూరు బిడ్డ కట్టిన యింట చిత్తూరునకు చోటు లేకపోవుట విధివిలాసము. కలహములన్నియు సద్దుమణిగి 1930లో విశ్వవిద్యాలయము వాల్తేరు కొండలమీదికి చేరినది. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయల విరాళము నిచ్చుటకు పూనుకొనిరి. ఒక తెలుగు కవిపోషకుని ఔదార్యము లేనిచో ఆ కొండలపై ప్రయోగశాలలు అంత వేగముగా లేచియుండెడివి కావు.

ఇక మెట్ల విషయము. ఆనాటికి ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియట్ వచ్చినది. అది రెండేండ్లు. దానిమీద రెండేండ్లు చదివిన సామాన్య బి.ఏ.; మూడేండ్లు ఒకే శాస్త్రమును లోతుగా చదివిన ఆనర్సు పట్టము. తరగతులు మూడు. నూటికి 60 మార్కులు వచ్చిన మొదటిది, 50 వచ్చిన రెండవది, ఆ క్రింద మూడవది అనునది మన దేశమున సాధారణముగా నెలకొన్న వాడుక. బోధించువారికిని ఆనాడు మెట్లుండెను: లెక్చరరు, రీడరు, ప్రొఫెసరు. ఆనర్సు తరగతులను విశ్వవిద్యాలయమే స్వయముగా బోధించుటయు, ఆచార్యులు బోధనతో పాటు పరిశోధన సాగించుటయు వాల్తేరు చేరిన పిమ్మట నెలకొన్న మార్పు. కళ్ళమున కొలుచువాడు తుదకు నాగలి పట్టినాడన్నమాట.

ఆ నాగలి సాలులో దిగుచున్న వేళనే విఘాతము కలిగినది. 1930లో గాంధీమహాత్ముని ఉప్పు సత్యాగ్రహము దేశమంతట అల్లుకొనెను. తీరాంధ్రమున నిరాయుధులపై లాఠీలు విరిగినవి. ఆ దమననీతిని చూచి సహింపజాలక, అట్టి ప్రభుత్వము క్రింద పదవిలో నుండుట తగదని తలచి రెడ్డిగారు ఉపాధ్యక్ష పదవికి రాజీనామా యిచ్చిరి. పాఠకులు ఒక్క క్షణమాగి యోచింపవలెను. వారికి భార్యాబిడ్డలు లేరు. ఆజన్మ బ్రహ్మచారి. ఆ విశ్వవిద్యాలయమే వారి సంసారము, అదియే వారి సంతానము. ముఖ్యస్థానము కుదిరి, ధనము సమకూడి, తాము నాలుగేండ్లు కన్న కల రూపు దాల్చబోవు తరుణమున దానిని పరుల చేతిలో నుంచి వెడలిపోవుట ఎంతటి త్యాగమో బిడ్డలు గలవారికి నేను చెప్పనేల? పదవిని కాపాడుకొనుటకు సాకులు కరువా? సంస్థ క్షేమము కొరకే యుంటినని చెప్పియుండవచ్చును, నలుగురును నమ్మియుందురు. వారట్లు చేయలేదు. గురుపీఠమున కూర్చుండువాడు భయపడినచో విద్యార్థులు నేర్చుకొనునది భయమొక్కటే.

తరువాత 1931 మొదలు 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులైరి. విశ్వవిద్యాలయము చేసికొన్న పుణ్యమది. బోధనశాఖలను నెలకొల్పి, జయపురప్రభువు పేరిట విజ్ఞాన కళాశాలను 1932లో ప్రారంభించి, ఉద్దండులైన ఆచార్యులను ఆయన రావించిరి. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డునకు పోగా రెడ్డిగారు మరల ఎన్నికై, 1949 వరకు ఆ పీఠమునలంకరించిరి. ఒకరు వేసిన పునాదిపై మరియొకరు గోడలెత్తగా, పునాది వేసినవారే తిరిగివచ్చి కప్పు వేసిరి.

ఆ రెండవ పాలనము సుఖముగా సాగలేదు. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడినవి. వాల్తేరు భవనములను సైన్యము పుచ్చుకొనగా, విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయి యుద్ధము ముగియుదాక పరాయి పంచన కాలము గడపినది. పుస్తకములును పరికరములును ఊళ్లు పట్టి పోయినను చదువు సాగినది.

వారి పాలనమున నా మనస్సును మిక్కిలి ఆకర్షించిన విషయమొకటి కలదు. పరీక్షల మెట్లతో నిమిత్తము లేక, జీవితమంతయు వాఙ్మయసేవ చేసినవారిని కళాప్రపూర్ణ బిరుదముతో విశ్వవిద్యాలయము గౌరవించుచుండెను. 1938లో గిడుగు రామమూర్తి పంతులుగారికి, 1943లో చూపును కోల్పోయియు గ్రంథములను చెప్పి వ్రాయించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారికి ఆ గౌరవము లభించినది. గిడుగువారు వ్యావహారిక భాషోద్యమ నాయకులు. రెడ్డిగారి రచనలో గ్రాంథికచ్ఛాయ పోలేదు. అయినను గౌరవమునకు అది యడ్డు రాలేదు. ఉభయభాషాప్రవీణ వంటి పరీక్షల ద్వారమున, ఇంగ్లీషు బడి వాకిలి త్రొక్కని పల్లెటూరి పండితులకును విశ్వవిద్యాలయమున ఒక పీట దొరకినది.

ఇచ్చట నా సొంత విషయము కొంచెము చెప్పుకొందును, క్షమింపుడు. రెడ్డిగారు 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారమను విమర్శ గ్రంథము మన గ్రంథాలయపు బీరువాలో నున్నది. పింగళి సూరన కావ్యములను పరిశీలించుచు, కథాసంవిధానమున సూరన ప్రతిభను మెచ్చి, తక్కిన ప్రబంధములందు వర్ణనల విసుగును, శృంగారపు మితిమీరుటను అందు నిర్మొగమోటముగా ఖండించిరి. నేను దానిని మొదట చదివిన రాత్రి నాకు కోపము వచ్చినది. పదియేండ్లు కష్టించి, నిఘంటువు ప్రక్కనుంచుకొని, పదము పదము విడదీసి నేర్చుకొన్న ప్రబంధములను ఒక్క పెట్టున త్రోసివేయుటకు ఈయన యెవ్వరని పుస్తకమును మూసివైచితిని. మరునాడు తిరిగి యిచ్చివేసితిని. నెలదాటిన పిదప మరల తెచ్చుకొంటిని. రెండవమారు చదువునప్పుడు, నేనిన్నాళ్లు అర్థము తెలిసికొంటినే గాని, ఇది యేల బాగున్నది, ఇది యేల బాగులేదు అని నన్ను నేను ఒక్కనాడును ప్రశ్నించుకొనలేదని తోచినది. రెడ్డిగారి నిర్ణయములన్నింటిని నేడును నేను అంగీకరింపను. ముఖ్యముగా పెద్దనను గూర్చి నా మనస్సు మారలేదు. కాని వారితో వాదించుటకై పెద్దనను మరల మొదటినుండి చదివితిని. కేంబ్రిడ్జిలో గురువు నెదుట కూర్చుండి సమాధానము చెప్పు విద్యార్థి యనుభవించునది యిట్టిదే కాబోలు. ఆ భాగ్యము నాకు మన గ్రంథాలయపు బల్లమీద, గురువు గతించిన యెన్నో యేండ్లకు లభించినది.

గుణములతో పాటు లోపములను గూడ చెప్పుట చరిత్రకారుని ధర్మము. రెడ్డిగారి నాలుక పదునైనది. చమత్కారమునకై మిత్రులను సైతము నొప్పించిరందురు. రాజకీయములందు ఒక పక్షమున స్థిరముగా నిలువలేదు. 1930లో ప్రభుత్వమును ధిక్కరించినవారే 1942లో అదే ప్రభుత్వమునుండి సర్ బిరుదమును స్వీకరించుట అనేకులకు మింగుడుపడలేదు, నాకును పడలేదు. జమ వైపు వ్రాసినది ఖర్చు వ్రాయకుండుటకు కారణము కాదు. రెండును వ్రాసి నికరము తేల్చినప్పుడే లెక్క నిజమగును. అట్లు తేల్చి చూచినను వారి జమయే మిగులును.

1949లో వాల్తేరును వీడి, తాము యౌవనమున సేవించిన మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రో ఛాన్సలరుగా వెళ్లిరి. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి.

వారి యనంతరము దేశమున మెట్లు మరల మరల మారినవి. రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన 1948లో నియమింపబడిన సంఘము మరుసటి యేట నివేదిక నిచ్చినది. దాని ననుసరించి విశ్వవిద్యాలయ ధనవితరణ సంఘము 1953లో ఏర్పడి, 1956లో శాసనబద్ధమైనది. విద్యార్థులకు తరగతులున్నట్లు కళాశాలలకును శ్రేణులుండవలెనని తలచి 1994లో న్యాక్ అను సంస్థను నెలకొల్పిరి. అది బోధన, పరిశోధన, వసతులు, పాలన మొదలగువానిని పరిశీలించి అక్షరములతో శ్రేణి నొసగుచు వచ్చినది. 2016 నుండి దేశమందలి సంస్థలకు వరుస సంఖ్యలను గూడ ప్రకటించుచు వచ్చిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము నాలుగేండ్ల పట్టమునకు దారి తెరిచినది. కొలుచువానిని కొలుచువారును పుట్టిరి. ఇది మంచిదే. కాని నా యొద్దకు మార్కుల పత్రములతో వచ్చు తల్లిదండ్రులకు నేను చెప్పునది యిది: శ్రేణిని చూడుడు, తప్పులేదు; దానితోపాటు ఆ కళాశాలకు ఒకనాడు పోయి, తరగతి గదిలో గురువున్నాడా, గ్రంథాలయమున పుస్తకములకు దుమ్ము పట్టినదా లేదా, పిల్లవాడు ప్రశ్నవేసిన బదులు చెప్పువారున్నారా యని కన్నులార చూచి రండు. రెడ్డిగారు జీవితమంతయు పాటుపడినది ఆ మూడింటికొరకే.

మన గ్రంథాలయమునకు ఏ సంస్థయు శ్రేణి నీయలేదు. ఇచ్చట ప్రవేశపరీక్ష లేదు, పట్టప్రదానము లేదు. ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఎరువు పుస్తకముల చిట్టాను తిరుగవేసితిని. కవిత్వతత్త్వ విచారమును ఇంతవరకు ఇంటికి కొనిపోయినవారు నలుగురు. అందు రెండుమార్లు నా పేరే యున్నది. ముసలమ్మ మరణము ఇంకను తక్కువ. ఈ రజతోత్సవ సంవత్సరమున ఆ రెండు పేర్ల క్రింద మరి కొన్ని సంతకములు చేరినచో, కట్టమంచివారికి మన గ్రామము అర్పింపగల నివాళి అంతకు మించినది వేరొకటి లేదని విన్నవించుచు విరమించుచున్నాను.